ఆ ఆమెన్ సంగతి చూడమ్మా

ప్రశ్న: మాది చిత్తూరు. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. నాకు పరీక్షలన్నీ చేయించారు, ఏ లోపమూ లేదన్నారు. రోజూ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అత్తగారు "ప్రభువా, ఈ కోడలి గర్భం తెరువు, ఆమెలో ఏ పాపం అడ్డుగా ఉందో బయటపెట్టు" అని పెద్దగా ప్రార్థిస్తారు. ఇంట్లో కూటం పెట్టిన రోజున సంఘంవాళ్ల ముందు కూడా ఇదే. మా ఆయన ఏమీ అనరు, చివర్లో అందరితోపాటు ఆమెన్ అంటారు. ఇప్పుడు నాకు కళ్లు మూసుకుంటే ఏడుపే తప్ప మాట రావడం లేదు. ప్రార్థన లేకపోతే క్రైస్తవ జీవితమే లేదంటారు కదా. రోజుకి ఎన్ని గంటలు ప్రార్థించాలి? ఉపవాసం మొదలుపెట్టనా?

జవాబు: ఉపవాసం వద్దు, గంటల లెక్కా వద్దు. ప్రభువు నేర్పిన ప్రార్థన నిమిషంలో అయిపోతుంది. ఎక్కువ మాటలు పలికితేనే దేవుడు వింటాడని అనుకోవద్దని దానికి ముందే చెప్పాడు. బైబిల్లో పిల్లలు లేని హన్నా గుడిలో ఏడుస్తూ ప్రార్థించినప్పుడు పెదవులు కదిలాయి గానీ గొంతు బయటికి రాలేదు. యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. దేవుడు మాత్రం విన్నాడు. నీ ఏడుపూ ఆయనకి వినబడుతుంది. నువ్వడిగినదానికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఉత్తరమంతా అత్తగారి గురించి రాసి, మీ ఆయన్ని ఒక్క ముక్కలో దాటేశావు. "ఏమీ అనరు" అన్నావు. అంటున్నాడు కదమ్మా, రోజూ ఆమెన్ అంటున్నాడు! భార్యలో పాపం ఉందని తల్లి నలుగురిలో చెబుతుంటే కింద సంతకం పెడుతున్నాడు.

అత్తగారిని నేను వెనకేసుకురాను. దేవుడికి చెబుతున్నట్టు కోడల్ని నిలదీయడం ప్రార్థన కాదు. కానీ ఆవిడతో గొడవకి దిగి నీకు ఒరిగేదేమీ లేదు. ఆవిడ నోటికి అడ్డు చెప్పాల్సింది కన్నకొడుకు. హన్నా భర్త ఎల్కానా ఏం చేశాడో మీ ఆయన్ని చదవమను. పిల్లలు లేరని ఆమెని సవతి పెనిన్నా సతాయిస్తుంటే, పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కానా అని పక్కన నిలబడి ఓదార్చాడు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం, ఏడో వచనం కూడా చూపించు. భార్యని గౌరవించని భర్త ప్రార్థనలకే అడ్డు వస్తుందని ఉంది అక్కడ. ఇంట్లో అడ్డు ఎక్కడుందని వెతుకుతున్నారు కదా, అక్కడ వెతకమను.

ఇంకో సంగతి. నీకు పరీక్షలన్నీ చేయించారు, సరే. ఆయనకి చేయించారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకి కోత లేదు, సూది లేదు, ఒక పూట పని. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆస్పత్రికి వెళ్తే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రి, సి.ఎం.సి., ఎలా పుట్టిందో చెప్పు. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ ఒక మిషనరీ కూతురు. ఆమెకి ఇరవయ్యేళ్ల వయసప్పుడు ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, పురిటి నొప్పులు పడుతున్న తమ భార్యల్ని చూడమని వేడుకున్నారు. అప్పటికి ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రి వస్తానంటే, మగవాడని వాళ్లు ఒప్పుకోలేదు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఐడా ఆ రాత్రి ప్రార్థించింది, తర్వాత అమెరికా వెళ్లి డాక్టరు చదువు చదివింది, 1900లో వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. ప్రార్థించి ఊరుకోలేదు.

అందాకా, రాత్రి ప్రార్థనలో నీ పాపం ప్రస్తావన రాగానే లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకో. మర్యాద కాదంటారేమో. గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థించమన్నది ప్రభువే, మత్తయి 6:6. ఎవరైనా అడిగితే ఆ వచనం చెప్పు, ఇంకేమీ చెప్పకు. భర్తతో మాత్రం పగలు, అత్తగారు లేనప్పుడు, ఏడవకుండా మాట్లాడు. "నా గురించి ఆ మాట ఇంకోసారి వస్తే నువ్వు ఆపాలి. వచ్చే వారం పరీక్షకి నాతో రావాలి." ఈ రెండే అడుగు.

ఆయన వస్తే రిపోర్టులు చూసుకుని రాయి. రానంటే వెంటనే రాయి, అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది వేరే ఉంటుంది.