నాన్న వైద్యానికి డబ్బు దొరుకుతుంది, అమ్మ మందులకు మాత్రం దొరకదు. ఏం చేయాలి?

మీ నాన్నగారి గుండె ఆపరేషన్‌కు అప్పు చేసైనా డబ్బు సర్దారు, అమ్మగారేమో బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటూ పొదుపు చేస్తున్నారు, ఎలా ఒప్పించాలి అని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఒప్పించే పని పక్కన పెట్టండి, ముందు డబ్బు దారి మార్చండి.

మా అమ్మకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేక కాదు. తన కోసం ఏం కావాలన్నా ఎవరినో ఒకరిని అడగాలి. పిల్లల ఫీజు, నాన్న మందులు వరుసలో ఉండగా తన పరీక్ష మాట ఎత్తడానికి నోరు రాదు. పైగా బీపీ చాలామందిలో ఏ బాధా పెట్టదు. లోపల్లోపల కిడ్నీలనూ గుండెనూ దెబ్బతీస్తున్నా పైకి మనిషి బాగానే కనిపిస్తుంది.

నెలనెలా అమ్మ ఖాతాలోనే కొంత వేశాం. అదీ మనవరాలికే పోయింది! దక్షిణాఫ్రికాలో వృద్ధుల పెన్షన్ మీద ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో 2003లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాంటిదే కనిపిస్తుంది: పెన్షన్ అమ్మమ్మ, నాయనమ్మల చేతికొచ్చిన ఇళ్లలో మనవరాళ్ల ఎత్తూ బరువూ మెరుగయ్యాయి, తాతల చేతికొచ్చిన చోట అలా జరగలేదు. ఆడవాళ్ల చేతికి డబ్బు రావడం ఇంటికి మంచిదే. కానీ అది వాళ్ల సొంత ఒంటికి చేరుతుందన్న భరోసా లేదు. అందుకే ఖాతాలో వేసేది ఆపకుండానే, మందుల షాపులో మేమే ముందుగా కట్టేస్తున్నాం. కట్టేసిన డబ్బును ఇంకో పనికి మళ్లించడం కుదరదు కదా. ఇప్పుడు మాత్ర మానడం లేదు.

ఇంకో ఖర్చు ఏ బిల్లులోనూ కనిపించదు. ఆసుపత్రికి తీసుకెళ్లేది మా చెల్లి, వెళ్లిన రోజు తన జీతం పోతుంది. డబ్బు పంపే మేం భారమంతా మోస్తున్నట్టు, తను ఊరికే తోడు వెళ్తున్నట్టు లెక్కేయడం అన్యాయం. పోయిన జీతాన్ని తన వాటాగా రాసి, మిగతాది అన్నదమ్ములం పంచుకుంటున్నాం. మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తున్నారో చూడండి.

ఖర్చు తగ్గించాల్సి వస్తే ఏది మానాలన్నది అమ్మగారికి వదలొద్దు. 1970లలో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ మొదలుపెట్టిన ప్రయోగంలో, చేతి డబ్బు పెట్టాల్సి వచ్చినవాళ్లు అవసరమైన వైద్యాన్నీ, అంతగా అవసరం లేనిదాన్నీ ఇంచుమించు ఒకేలా తగ్గించుకున్నారు. మందుల చీటీ తీసుకుని డాక్టర్ దగ్గర కూర్చుని, ఏ పరీక్ష వాయిదా వేయొచ్చు, ఏ మాత్రకు చవకైన జెనరిక్ ఉంది అని సూటిగా అడగండి.