బబుల్ మీదున్న కాలేజీ టీమ్: మన ఆట అయిపోయాక మొదలయ్యే టెన్షన్

మీరు అడిగింది ఇదీ: "మా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ ఇరవైకి పైగా మ్యాచ్‌లు గెలిచింది. అయినా బబుల్ మీదే ఉందంటున్నారు మా రూమ్మేట్స్. ఇన్ని గెలిచాక ఇంకా అనుమానమేంటి? ఇప్పుడు ఏ మ్యాచ్‌లు చూడాలి?"

నేను ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హాట్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు, 2024లో, మా యూనివర్సిటీ ఇండియానా స్టేట్ టీమ్‌కి ఇదే పరిస్థితి. 28 గెలిచి 6 ఓడింది. అయినా జాతీయ టోర్నమెంట్‌లో సీటు రాలేదు. మీకు ఇరవై అంటున్నారు, మాకు ఇరవై ఎనిమిది.

ముందు సీట్ల సంగతి. మార్చిలో జరిగే ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) పురుషుల టోర్నమెంట్‌కి 2024, 2025ల్లో 68 టీమ్‌లు. కాలేజీలు కాన్ఫరెన్స్‌లనే గుంపులుగా ఏర్పడి సీజనంతా ఎక్కువగా తమలో తామే ఆడుకుంటాయి. ప్రతి కాన్ఫరెన్స్‌లోనూ టోర్నమెంట్ గెలిచిన టీమ్ నేరుగా లోపలికి వెళ్తుంది. 2024లో అలాంటివి 32, పాక్-12 అనే కాన్ఫరెన్స్ చెదిరిపోయాక 2025లో 31. మిగతా సీట్లు ఎవరికివ్వాలో 12 మంది కమిటీ కూర్చుని తేలుస్తుంది. వాటిలో చాలావాటి గురించి ఎవరికీ పేచీ ఉండదు. చివర్లో మిగిలే నాలుగైదు సీట్ల కోసమే గొడవంతా. ఆ గొడవలో ఉన్నవే బబుల్ టీమ్‌లు.

ఐపీఎల్‌లో అయితే పాయింట్లు, నెట్ రన్‌రేట్ చూసి సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్తుందో లేదో మనమే లెక్కేసుకుంటాం. ఇక్కడ ఆ వీల్లేదు. టీమ్‌లన్నిటికీ వరస నంబర్లిచ్చే 'నెట్' అనే ర్యాంకింగ్ ఉంది (2018-19 సీజన్ నుంచి వాడుతున్నారు), కానీ అది కమిటీ ముందుండే కాగితాల్లో ఒకటి మాత్రమే. ఇండియానా స్టేట్ నెట్ ర్యాంకు 29. ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో ఆడే వర్జీనియాది 54. లోపలికి వెళ్లింది వర్జీనియా.

ఎందుకలా అంటే, కమిటీ ఎక్కువగా చూసేది ఎవరి మీద గెలిచారు, ఎక్కడ గెలిచారు అన్నది. మ్యాచ్‌లన్నిటినీ నాలుగు క్వాడ్‌లుగా విడగొడతారు. సొంత కోర్టులో 30 లోపు నెట్ ర్యాంకు టీమ్‌తో, తటస్థ వేదిక మీద 50 లోపు టీమ్‌తో, ప్రత్యర్థి ఊళ్లో అయితే 75 లోపు టీమ్‌తో ఆడితే అది క్వాడ్ 1. అందులో గెలుపులు ఉంటే మిగతా తప్పులు కొన్ని క్షమిస్తారు. బలహీనమైన టీమ్‌లతో ఆడే క్వాడ్ 4లో ఎన్ని గెలిచినా ఎవరూ పట్టించుకోరు, ఒకటి ఓడితే మాత్రం తలనొప్పి.

చిన్న కాన్ఫరెన్స్ వాళ్లకి అసలు ఇరకాటం ఇక్కడే. పెద్ద కాన్ఫరెన్స్ టీమ్‌కి జనవరి, ఫిబ్రవరిలో వారం వారం క్వాడ్ 1 మ్యాచ్ దొరుకుతుంది. పదిసార్లు ఓడినా నాలుగైదు గెలుపులు చూపించుకోవచ్చు. మా మిస్సోరీ వ్యాలీ లాంటి కాన్ఫరెన్స్‌లో ఆడే టీమ్‌కి అలాంటి అవకాశాలు నవంబర్, డిసెంబర్లలో ఒకటో రెండో వస్తాయి, అవీ అవతలివాళ్ల గడ్డ మీద. ఇండియానా స్టేట్ అలబామాకి వెళ్లి ఓడింది, మిషిగన్ స్టేట్‌కి వెళ్లి ఓడింది. ఆ రెంటిలో ఒక్కటి గెలిచినా కథ వేరేలా ఉండేది. బాగా ఆడే చిన్న టీమ్‌ని తమ కోర్టుకి పిలవడానికే పెద్ద కాలేజీలు జంకుతాయి, వాళ్ల కోర్టుకి వెళ్లి ఆడటమైతే అడగనే అక్కర్లేదు. అలా ఆడనివ్వకుండా చేసి, చివర్లో "పెద్ద గెలుపులు లేవు" అనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక మీ రెండో ప్రశ్న, ఏ మ్యాచ్‌లు చూడాలని. మీ టీమ్‌వి కావు, వాటి పని అయిపోయింది. ఊరూపేరూ తెలియని టీమ్‌లవి చూడాలి.

మా టీమ్ మార్చి 10న కాన్ఫరెన్స్ ఫైనల్లో డ్రేక్ చేతిలో 84-80తో ఓడింది. సీట్లు ప్రకటించేది 17న. ఈ మధ్యలో మావాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ఆ వారమంతా ఊళ్లో ఏ కాఫీ షాపుకెళ్లినా ఇదే మాట. నేను అసైన్‌మెంట్ ఒక ట్యాబ్‌లో, స్కోర్లు ఇంకో ట్యాబ్‌లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

మనకి కావలసింది ప్రతి కాన్ఫరెన్స్‌లోనూ ఫేవరెట్ గెలవడం. ఎలాగూ సీటు ఖాయమైన టీమ్ తన టోర్నమెంట్ కూడా గెలిస్తే మనకి నష్టం లేదు. అది ఓడి, లెక్కలోనే లేని టీమ్ కప్పు ఎత్తిందా, నేరుగా ఒక సీటు ఎగరేసుకుపోయినట్టే. బబుల్ మీద ఒక చోటు తగ్గుతుంది. వాళ్లని ఇక్కడ బిడ్ దొంగలంటారు.

ఆ ఏడాది దొంగల సంత. నార్త్ కరొలైనా స్టేట్ టీమ్ 17-14తో ఏసీసీ టోర్నమెంట్‌కి వచ్చింది. శుక్రవారం సెమీఫైనల్లో వర్జీనియా మూడు పాయింట్ల ముందుంది, టైమ్ అయిపోతోంది. మైకేల్ ఓకానెల్ దూరం నుంచి విసిరిన బంతి బోర్డుకి తగిలి లోపల పడింది. ఓవర్‌టైమ్‌లో గెలిచారు, మర్నాడు ఫైనల్ కూడా గెలిచారు, ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు! శనివారమే ఇంకో చోట ఒరెగాన్ తన కాన్ఫరెన్స్ కప్పు గెలిచింది. అదే రోజు మరో కాన్ఫరెన్స్‌లో, ఎలాగూ సీటు వచ్చేలా ఉన్న ఫ్లోరిడా అట్లాంటిక్ సెమీఫైనల్లో టెంపుల్ చేతిలో ఓడింది. దాంతో ఆదివారం ఫైనల్ లెక్కలో లేని యూఏబీకీ టెంపుల్‌కీ మధ్య. ఎవరు గెలిచినా మాకు దెబ్బే. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే రోజు డుకేన్ కూడా తన కాన్ఫరెన్స్ గెలిచింది.

సాయంత్రం ఆరింటికి టీవీలో బ్రాకెట్ (ఎవరెవరికి సీటొచ్చింది, ఎవరితో ఎవరు ఆడాలి అన్న పట్టిక) చూపించడం మొదలుపెట్టారు. పేర్లు ఒక్కొక్కటే పడుతుంటే మేం సెల్‌ఫోన్‌లో కొట్టేసుకుంటూ వెళ్లాం. వర్జీనియా పేరు పడగానే నా పక్కనున్న అమెరికన్ కుర్రాడు ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత వర్జీనియా మొదటి మ్యాచ్‌లోనే కొలరాడో స్టేట్ మీద 42 పాయింట్లు మాత్రమే చేసి ఓడిపోయింది. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ గోలగోల. మంచిపని కాదు గానీ, మాకు సంతోషంగానే ఉంది.

పెద్ద పేరుంటే కమిటీ మెతగ్గా ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. 2025లో నార్త్ కరొలైనా (పైన చెప్పిన నార్త్ కరొలైనా స్టేట్ కాదు) క్వాడ్ 1లో 13 ఆడి ఒక్కటే గెలిచి సీటు తెచ్చుకుంది. కమిటీ అధ్యక్షుడు ఆ యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టరే. తన టీమ్ చర్చకు వచ్చినప్పుడు నియమం ప్రకారం గది బయటే ఉన్నాడు, అయినా అనుమానాలు ఆగలేదు. సీటు రాని వెస్ట్ వర్జీనియా తరఫున ఏకంగా ఆ రాష్ట్ర గవర్నరే ప్రెస్‌మీట్ పెట్టాడు. దీని వెనక డబ్బుంది మరి. టోర్నమెంట్‌లో ఆడే ఒక్కో మ్యాచ్‌కీ ఆ కాన్ఫరెన్స్‌కి ఆరేళ్లలో సుమారు 20 లక్షల డాలర్లు వస్తాయి.

సీటొచ్చి, డేటన్ ఊళ్లో ఫస్ట్ ఫోర్ (అసలు మొదటి రౌండ్ కన్నా ముందు జరిగే మ్యాచ్‌లు) ఆడమంటే మొహం ముడుచుకోకండి. 2011లో వీసీయూ, 2021లో యూసీఎల్ఏ ఆ మెట్టు నుంచే ఫైనల్ ఫోర్, అంటే సెమీఫైనల్స్ దాకా వెళ్లాయి.

సీటు రాకపోతే ఎన్‌ఐటీ అనే ఇంకో టోర్నమెంట్ ఉంటుంది. 1938లో మొదలైంది, ఎన్‌సీఏఏ టోర్నమెంట్ కన్నా ఏడాది పెద్దది. ఓదార్పు కప్పు కదా అని తీసిపారేయకండి. మాకు హోమ్ మ్యాచ్‌లు వచ్చాయి. మా సొంత కోర్టు హల్మన్ సెంటర్‌లో ఎస్‌ఎంయూ, మిన్నెసోటా, సిన్సినాటీలని వరసగా ఓడించారు. కళ్లకి గాగుల్స్ పెట్టుకుని ఆడే రాబీ అవీలా (గాగుల్స్ పెట్టుకునే పాతతరం దిగ్గజం కరీమ్ అబ్దుల్ జబ్బార్ పేరు మీద క్రీమ్ అబ్దుల్ జబ్బార్ అని ముద్దుపేరు) బంతి పట్టుకుంటే చాలు, స్టూడెంట్ సెక్షన్ అంతా లేచి నిలబడేది. ఇండియానాపొలిస్‌లో హింకిల్ ఫీల్డ్‌హౌస్‌లో ఫైనల్, అవతల మాలాగే సీటు రాని సీటన్ హాల్. 79-77తో ఓడాం. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో సీటొచ్చి దూరపు ఊళ్లో ఒక్క మ్యాచ్ ఆడి వచ్చేసి ఉంటే నేను ఇవేవీ కళ్లారా చూసేవాణ్ణి కాదు.

మీ టీమ్ ఏ కాన్ఫరెన్సో, క్వాడ్ 1లో ఎన్ని గెలిచిందో రాయండి. ఈ వారాంతం ఎవరు గెలవాలని మొక్కుకోవాలో చెప్తాను.