టెక్ సందేహాలు: పేపర్ ఒకటే, ఫైళ్లు పదకొండు

ప్రశ్న: గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. కంది పంట మీద ఐదుగురం కలిసి పేపర్ రాస్తున్నాం. గైడ్ గారూ, నేనూ, ఇంకో స్కాలరూ ఇక్కడ ఉంటాం. ఒకరు పటాన్‌చెరులో, ఇంకొకరు ఆస్ట్రేలియాలో. వర్డ్ ఫైలు వాట్సాప్‌లో తిరుగుతోంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘సార్ కరెక్షన్స్’, ‘ఇదే ఫైనల్’ అంటూ ఇప్పటికి పదకొండు ఫైళ్లయ్యాయి. నిన్న నేను సరిచేసిన టేబుల్ ఇవాళ మళ్లీ పాత అంకెలతో వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు?

జవాబు: పొలానికి అసలు దస్తావేజు ఒక్కటే ఉంటుంది, మిగతావన్నీ జిరాక్సులు. మీ దగ్గర పదకొండు జిరాక్సులున్నాయి, అసలు ఏదో ఎవరికీ తెలియదు. అందుకని ఏ యాప్ అన్నది కాసేపు పక్కన పెట్టి, ఇవాళే ఐదుగురూ ఫోన్‌లో మాట్లాడుకుని వాటిలో ఒకదాన్ని అసలుగా ఒప్పుకోండి. దాన్ని ఒకచోట పెట్టి, ఇకమీదట వాట్సాప్‌లో లింకు తప్ప ఫైలు పంపకూడదని గట్టిగా అనుకోండి. ఇది కుదరకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా పన్నెండో ఫైలు వస్తుంది.

మీ పేపర్లో సమీకరణాలు పెద్దగా ఉండవు కాబట్టి గూగుల్ డాక్స్ చాలు. పైన కుడివైపు పెన్సిల్ గుర్తు దగ్గర ‘ఎడిటింగ్’ని ‘సజెస్టింగ్’గా మార్చుకుంటే ఎవరు ఏది మార్చినా అది సూచనగానే కనిపిస్తుంది, పాత మాట చెరిగిపోదు. టేబుల్లో అంకెలు ఎప్పుడు మారాయో తెలియాలంటే ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరవండి, ఏ రోజు ఎన్ని గంటలకు ఎవరు మార్చారో ఒక్కొక్కరికి ఒక్కో రంగులో చూపిస్తుంది. గైడ్ గారికి చూపించే ముందు అక్కడే ఆ వెర్షన్‌కి ‘సార్‌కి పంపినది’ అని పేరు పెట్టుకోండి, తర్వాత ఎంత దూరం వెళ్లినా అక్కడికి తిరిగి రావచ్చు.

గైడ్ గారు వర్డ్ వదలనంటే మాత్రం ఆయన్ని మార్చాలని చూడకండి. ఆయన సమయం మీ పేపర్ చదవడానికి కావాలి, కొత్త స్క్రీన్ నేర్చుకోవడానికి కాదు. అప్పుడు వర్డ్ ఫైలునే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో పెట్టి అందరికీ లింకు ఇవ్వండి, ఆయన తన వర్డ్‌లోనే తెరిచి ట్రాక్ చేంజెస్‌తో దిద్దుతారు, అదే సమయంలో ఆస్ట్రేలియాలో వారు ఇంకో పేరా రాసుకోవచ్చు. ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకైతే లేటెక్‌లో (సమీకరణాల్ని చక్కగా పేర్చే పద్ధతి) రాసుకోవడానికి ఓవర్‌లీఫ్ అనే వెబ్‌సైట్ బాగుంటుంది. దాని ఉచిత ఖాతాలో కలిసి దిద్దేవాళ్ల సంఖ్యకు పరిమితి ఉంది, ఐదుగురు కూర్చోవాలంటే కష్టం.

రిఫరెన్సులు పోగుచేసి దాచుకోవడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. ఉచితం. అందులో ఒక గ్రూప్ లైబ్రరీ తెరిస్తే ఒకరు చేర్చిన పేపర్ ఐదుగురికీ కనిపిస్తుంది. ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ పీడీఎఫ్‌లకే ఖర్చవుతుంది, పేపర్ వివరాలకు పరిమితి లేదు. పీడీఎఫ్‌లు వేరేచోట పెట్టుకుంటే ఏళ్ల తరబడి సరిపోతుంది.

ఇంకో మాట. మీరు కంది అన్నారు కాబట్టి చెప్పాలనిపిస్తోంది. కంది జన్యుక్రమాన్ని 2011లో తేల్చింది పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో అనేక దేశాల వాళ్లు కలిసి చేసిన పనే. 48,680 జన్యువులని అప్పుడు లెక్క తేల్చారు. అంత జాబితా మీద ఇన్ని దేశాల వాళ్లు పనిచెయ్యగలిగితే ఐదుగురు ఒక టేబుల్‌ని కాపాడుకోవడం అసాధ్యమేమీ కాదు. అసలు వెబ్ పుట్టిందే ఈ తలనొప్పి మీద. జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో రకరకాల దేశాల వాళ్లు రకరకాల కంప్యూటర్లు వాడుతూ, ఎవరి కాగితాలు వాళ్ల దగ్గరే ఉండిపోయి, మనిషి వెళ్లిపోతే సమాచారమూ పోతుంటే, 1989లో టిమ్ బెర్నర్స్-లీ దానికి ఉపాయంగా వెబ్‌ని ప్రతిపాదించారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ల్యాబ్‌లో చేస్తాను. వరి శాంపిళ్ల సీక్వెన్సింగ్ డేటా 900 జీబీ ఉంది, కోల్‌కతాలో మాతో కలిసి పనిచేసేవారికి పంపాలి. రెండు రోజులుగా అప్‌లోడ్ సగంలో ఆగిపోతోంది. హార్డ్ డిస్క్ కొరియర్ చేద్దామంటే ఈ రోజుల్లో ఇదేం పద్ధతి అంటున్నారు.

జవాబు: చెయ్యండి, మొహమాటపడకండి. 2019 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చూసిన బ్లాక్‌హోల్ బొమ్మ ఉంది కదా, దాని డేటా ప్రయాణం చేసింది హార్డ్ డిస్కుల్లోనే. 2017లో ఎనిమిది టెలిస్కోపులు పట్టిన సమాచారం పెటాబైట్లలో (ఒక్కో పెటాబైట్ అంటే పది లక్షల జీబీ) ఉంటే, ఏ ఇంటర్నెట్టూ దాన్ని తగిన వేగంతో మొయ్యలేక, డిస్కుల్ని విమానాల్లో అమెరికాలోని హేస్టాక్ అబ్జర్వేటరీకీ జర్మనీలోని బాన్‌కీ చేర్చారు. దక్షిణ ధ్రువంలో శీతాకాలం విమానాలు ఎగరవు కాబట్టి అక్కడి డిస్కుల కోసం నెలల తరబడి కాచుక్కూర్చున్నారు. డేటా అందాక ఇంకా మంచి పని చేశారు. నాలుగు బృందాలుగా విడిపోయి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా బొమ్మ కట్టి, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. నాలుగింట్లోనూ అదే ఉంగరం కనిపించింది. కలిసి పనిచెయ్యడమంటే కొన్నిసార్లు కావాలని మాట్లాడుకోకపోవడం కూడా అని నాకు అప్పుడే అర్థమైంది.

ఇక మీ డిస్కు సంగతి. పంపేముందు ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ తీసుకోండి. విండోస్‌లో 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘సీఆర్‌సీ షా’ మెనూలో షా-256 నొక్కితే పొడవాటి వరుస ఒకటి వస్తుంది, ఫైలుకి అది వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా ఇది మొత్తం మారిపోతుంది. ఆ వరుసల్ని విడిగా మెయిల్ చెయ్యండి. డిస్కు అందాక వాళ్లూ అదే తీసి, రెండూ కలిశాయని మీకు రాసేదాకా మీ దగ్గరున్న అసలు చెరపకండి. డిస్కు మొత్తానికి పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్షన్ పెట్టండి. ఇది వరి డేటా కాబట్టి సరే, పేషెంట్ల డేటా అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా గేటు దాటించకూడదు. పేపర్ సిద్ధమయ్యాక ఇదే డేటాని ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో జమచేస్తే ఇంకెవరైనా వాడుకోవచ్చు.

ప్రశ్న: విశాఖ నుంచి. మా సీనియర్ పంపిన జన్యువుల ఎక్సెల్ షీట్‌లో కొన్ని పేర్ల బదులు తారీఖులున్నాయి. ఆయన తప్పా, నా కంప్యూటర్ తప్పా?

జవాబు: ఇద్దరి తప్పూ కాదు, ఎక్సెల్ అలవాటు. సెప్ట్2 అని ఒక జన్యువు ఉంది. ఖాళీ సెల్‌లో ఆ పేరు ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కి చూడండి, సెప్టెంబర్ 2 అయిపోతుంది. సెల్‌ని టెక్స్ట్‌గా మార్చి చూస్తే ఐదంకెల సంఖ్య కనిపిస్తుంది తప్ప జన్యువు పేరు తిరిగి రాదు. 2016లో ఒక అధ్యయనం చూస్తే, ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదోవంతులో ఈ పొరపాటుంది. చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీవాళ్లే దిగివచ్చి సెప్ట్2 లాంటివాటిని సెప్టిన్2గా, మార్చ్1ని మార్చ్‌ఎఫ్1గా మార్చారు. ఒక సాఫ్ట్‌వేర్ కోసం సైన్స్ తన పేర్లు మార్చుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కొత్త ఎక్సెల్ అయితే ఫైల్, ఆప్షన్స్, డేటాలోకి వెళ్లి ఆటోమేటిక్ డేటా కన్వర్షన్‌లో తారీఖులుగా మార్చే టిక్కు తీసెయ్యండి. పాతదైతే సీఎస్‌వీని (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుని) డబుల్ క్లిక్‌తో తెరవకుండా, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా తెచ్చుకుని పేర్ల కాలమ్‌ని టెక్స్ట్‌గా ఎంచుకోండి. ఇప్పటికే మారిపోయినవాటిని ఊహించి పూరించకండి. మీ సీనియర్‌కి ఫోన్ చేసి మెషిన్ నుంచి వచ్చిన మొదటి ఫైలు ఉందా అని అడగండి, ఉంటే దాన్ని జిప్ చేసి పంపమనండి.