పోయింది ఒక్క మార్కు కాదు, ఎనిమిది

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మావాడికి ఇంటర్ లెక్కల్లో 300కి 288 వచ్చాయి. చివరి విడత కౌన్సెలింగ్‌లో నెల్లూరు వైపు ఒక కాలేజీలో సీఎస్ఈ సీటొచ్చింది. మొదటి సెమిస్టర్ లెక్కల పేపర్ ఎం-1లో ఇంటర్నల్ 22, ఎక్స్‌టర్నల్ 17, మొత్తం 39. ఒక్క మార్కుతో తప్పాడు. ఇంజినీరింగ్ నావల్ల కాదు, బీఎస్సీ మ్యాథ్స్‌లో చేరిపోతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఒక్క మార్కు సంగతి చూద్దామండీ. అనంతపురం జేఎన్‌టీయూ కింద కాలేజీల్లో మొత్తం 40 వస్తే సరిపోదు. ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం, అంటే 70కి 25 రావాలి. మీవాడికి తగ్గింది ఎనిమిది. రీవాల్యుయేషన్‌ మీద ఆశ పెట్టుకుని రోజులు పోగొట్టుకోకండి.

288 అబద్ధం కాదు. అయితే అవి ఎలా వచ్చాయో మీకూ తెలుసు. మెటీరియల్‌లో స్టార్ గుర్తు పెట్టిన లెక్కలు పదేసి సార్లు రాయించారు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కోసం ఆప్షన్లు వేసి చూసి జవాబు పట్టే కిటుకులు నేర్పారు. ఎం-1లో ఆ రెండూ నిలబడవు.

ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వస్తే ఒక లెక్క ఇస్తాను. x సున్నా నుంచి ఒకటి దాకా, y ఏమో x స్క్వేర్ నుంచి x దాకా. ఇంటిగ్రేషన్ ఆర్డర్ మార్చమంటాను, అంటే y ముందు చేసేదాన్ని x ముందు చేసేలా తిప్పి రాయమంటాను. చాలామంది పెన్ను పట్టుకుని ఫార్ములా గుర్తు చేసుకుంటూ కూర్చుంటారు. దీనికి ఫార్ములా ఏముంది? ఒక గీత, ఒక పారబోలా గీసి, మధ్యలో చిక్కిన ముక్కను పక్క నుంచి చూడాలి. అప్పుడు y సున్నా నుంచి ఒకటి దాకా, x ఏమో y నుంచి రూట్ y దాకా. బొమ్మ గీసినవాడికి రెండు నిమిషాల పని. మావాడికి లెక్కలు రావు అని మీరు భయపడుతున్నారు గానీ, రానిది తరచుగా ఈ బొమ్మ దగ్గరే.

చివరి విడతలో చేరాడన్నారు. అప్పటికి మాట్రిక్స్ యూనిట్ ఎంత అయిపోయిందో వాడినే అడగండి. అందులోని మాట్రిక్స్ ర్యాంకు, ఐగెన్ వాల్యూలు ఎవరో నోట్స్ ఇస్తే ఫోన్‌లో ఫొటో తీసుకుని ఊరుకుని ఉంటాడు. ఇంటర్నల్‌లో 22 చూసి మోసపోకండి. సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే రెండు మిడ్ పరీక్షల్లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం వెయిటేజీ, పైగా ఒక్కో మిడ్‌కు సగం సిలబసే. ఎక్స్‌టర్నల్‌కు ఐదు యూనిట్లూ ఒకేసారి మీద పడతాయి.

బీఎస్సీ మ్యాథ్స్‌కి వెళ్తే ఈ మాట్రిక్స్ లెక్కలే లీనియర్ ఆల్జీబ్రా పేరుతో అక్కడా ఎదురొస్తాయి. తప్పించుకునే దారి అది కాదు. సబ్జెక్టు మీద ఇష్టంతో వెళ్తే వేరే మాట.

ఒక్క బ్యాక్‌లాగ్‌తో ఏడాది పోదు. హాజరుంటే రెండో ఏడాదికి పంపిస్తారు. కానీ రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఉంటాయి, వాటికి ఇంటిగ్రేషనే పునాది. అందుకే సప్లీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడొద్దు. ఈ శనివారం ఇంటికొస్తే ఇంటర్ 2బి పుస్తకం అటక మీద నుంచి దింపించండి. ఇంటిగ్రేషన్, ఏరియాల లెక్కలు రోజుకు నాలుగు, మెటీరియల్ చూడకుండా, ప్రతిదానికీ బొమ్మ గీసి చేయాలి. తర్వాత వాడు రాలేకపోయిన మాట్రిక్స్ క్లాసులు లెక్చరర్‌ను అడిగి చెప్పించుకోవాలి. అడగడానికి మొహమాటపడతాడు. అవసరమైతే మీరే ఒకసారి కాలేజీకి వెళ్లి పక్కన నిలబడండి. డిగ్రీ మాట సప్లీ రిజల్టు వచ్చాక మాట్లాడుకుందాం.