కవళ్ళు ఎక్కడికి పోయాయి?

ఈ నెల సముద్రం గురించి వచ్చిన మూడు ఉత్తరాలకు జవాబులు.

ప్రశ్న: మా తాత వేటకు వెళ్లే రోజుల్లో ఈ ఒడ్డున నూనె కవళ్ళు పెద్దగా పడేవి కావట. మా నాన్న హయాంలో గంపలకొద్దీ పడ్డాయి. సముద్రం వేడెక్కి చేపలు చోటు మారుస్తున్నాయని టీవీలో చెబుతున్నారు. నీళ్లలో ఉన్న చేపల లెక్క ఎవరికి, ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: మీ తాతగారి మాట నిజమే. దేశంలో పడే నూనె కవళ్ళు (ఆయిల్ సార్డిన్ చేపలు) 1985 దాకా దాదాపు అన్నీ మలబారు తీరానివే. ఆ తర్వాత ఉత్తరానికి, మన తూర్పు తీరానికి కూడా విస్తరించాయి. ఈ మాట మనం ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఒకటే కారణం. 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి రేవు రేవునా లెక్కలు రాసిపెట్టింది.

లెక్క మొదలయ్యేది జెట్టీ మీదే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇదే పని. ఏ రేవుకు ఏ రోజు వెళ్లాలో మన ఇష్టం కాదు, లాటరీ తీసినట్టు ముందే ఖరారవుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా, మర్నాడు పొద్దున 6 నుంచి 12 దాకా అక్కడ ఉండాలి. రాత్రి దిగిన సరుకు సంగతి పొద్దున్నే అడిగి రాసుకోవాలి. 15 బోట్ల లోపు వస్తే అన్నిటినీ చూస్తాం, మించితే కొన్నిటిని ఎంచుకుంటాం.

సరుకు ఎంత అన్నదొక్కటే రాస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. ఎన్ని గంటలు వల వేశారు, ఏ వల, వల కన్ను ఎంత వెడల్పు, ఎన్ని బారల లోతు, ఇవన్నీ అడగాలి. నిరుడు ఒక బోటు పట్టుకొచ్చినంత సరుకు ఈ ఏడు నాలుగు బోట్లు కలిసి తెచ్చాయనుకోండి. వేలంపాట దగ్గర నిలబడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. సముద్రంలో మాత్రం చేప తగ్గిపోయింది. గంటకు ఎంత పడిందో చూస్తేనే ఆ తేడా బయటపడుతుంది.

ఆ తర్వాత కొన్ని చేపలు కొని చెక్క మీద పెట్టి పొడవు కొలుస్తాం, కడుపు కోసి గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూస్తాం. తలలో, చెవి దగ్గర చిన్న రాయి ఉంటుంది. చలి దేశాల చేపలకు దాని మీద ఏడాదికో వలయం చక్కగా కనిపిస్తుంది. మన వెచ్చటి నీళ్ల చేపల్లో అది అంత స్పష్టంగా ఉండదు. అందుకే ఎన్ని చేపలు ఎంత పొడవున్నాయన్న లెక్క మీదే ఎక్కువగా ఆధారపడతాం.

నీటి వేడి సంగతి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ చూస్తుంది. ఆర్గో అనే తేలియాడే యంత్రాలు దాదాపు 10 రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ నీటి వేడి, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. చేపల లెక్క, నీటి లెక్క రెండూ పక్కపక్కన పెడితే కొత్త సంగతులు తెలుస్తాయి. కానాగడత పైనీటి చేప. 1985-89 మధ్య మన దేశంలో పట్టిన కానాగడతల్లో సముద్రం అడుగున ఈడ్చే ట్రాలు వలకు పడినవి 2 శాతమే. 2003-07 నాటికి అవి 15 శాతమయ్యాయి. పైనీరు వేడెక్కుతుంటే చేప కిందికి దిగుతోందని శాస్త్రవేత్తల అంచనా.

అలాగని అన్నిటికీ వేడినే కారణం చెయ్యడం నాకు నచ్చదు. కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నుల నూనె కవళ్ళు పడ్డాయి. 2021లో 3,297 టన్నులే. మధ్యలో పసిఫిక్ సముద్రం వేడెక్కి వాతావరణాన్ని తారుమారు చేసే ఎల్ నినో వచ్చింది, నిజమే. కానీ గుడ్డు పెట్టే వయసు రాని చేపపిల్లల్ని కూడా వలలతో ఊడ్చేశారు. ఈ రెండో కారణం మన చేతిలో ఉన్నది, దాన్ని వాతావరణం మీదికి నెట్టేస్తే దిద్దుకునే అవకాశమే పోతుంది.

ప్రశ్న: నేను చేపలు అమ్ముతాను. గుడ్ల చేప వచ్చే నెలలు మారిపోయినట్టు అనిపిస్తోంది. నా భ్రమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: భ్రమ అని తీసెయ్యకండమ్మా. రోజూ చేప కోసే మీకు కనిపించినంత మాకు కనిపించదు. పింక్ పెర్చ్ పేరుతో ఎగుమతయ్యే గులాబీరంగు చేప చెన్నై దగ్గర ఒకప్పుడు ఏప్రిల్-సెప్టెంబరు నెలల్లో ఎక్కువగా గుడ్లు పెట్టేది. 1981 నుంచి 2004 దాకా ఉన్న లెక్కల్లో అది మెల్లగా చల్లటి నెలలకు, అంటే అక్టోబరు-మార్చి వైపు జరిగింది. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపల నెలలు జరిగిపోతుంటే ఈ తేదీలు ఏ చేపకు రక్షణ ఇస్తున్నాయో మళ్లీ మళ్లీ చూసుకోవాల్సిందే. మీరు ఏ చేపలో ఏ నెల గుడ్లు చూశారో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

ప్రశ్న: నాకు ఫైబర్ బోటు ఉంది. చదువు ఐదో తరగతే. ఈ లెక్కల్లో నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా?
– పూడిమడక నుంచి ఒక మత్స్యకారుడు

జవాబు: చాలా ఉంది తమ్ముడూ. ఒక నోటుబుక్కు చాలు. తేదీ, బయల్దేరిన వేళ, ఒడ్డుకొచ్చిన వేళ, ఎన్ని బారల నీళ్లు, ఏ వల, ఏ చేప ఎన్ని గంపలు. ప్రతిసారీ అదే గంపతో కొలవండి, గంప మారిస్తే ఆ సంగతి కూడా రాయండి. ఎప్పుడూ చూడని చేప పడితే పక్కన స్కేలు పెట్టి ఫోన్లో ఫొటో తియ్యండి. వల ఖాళీగా వచ్చిన రోజు రాయడం చాలామంది మానేస్తారు, అలా చేస్తే పుస్తకం నిండా మంచి రోజులే మిగిలి లెక్క తప్పుతుంది. ఆ రోజు కూడా సున్నా వేసి రాయండి. ఏడాది నిండాక ఆ పుస్తకం విశాఖ పాండురంగాపురంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి తీసుకెళ్లి, శాస్త్రవేత్తలకు చూపించండి.