ఊరంతటికీ ఒకే ప్లాంటు: ఇల్లు కొనాలా, సొంత పని పెట్టుకోవాలా?

ప్రశ్న: మా చిన్న ఊళ్లో ఉన్నది ఒకటే ప్లాంటు. అందులో 12 ఏళ్లుగా ఇన్‌స్ట్రుమెంటేషన్ అండ్ కంట్రోల్ ఇంజనీరుగా చేస్తున్నాను. షట్‌డౌన్ (మరమ్మతులకు ప్లాంటు ఆపడం) ఓవర్‌టైమ్‌లతో కొంత డబ్బు కూడింది. ఇక్కడే ఇల్లు కొనమంటారా, ఉద్యోగం మానేసి కాలిబ్రేషన్ (కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి సరిచేసే) సర్వీసు పెట్టుకోమంటారా?

జవాబు: ఇప్పటికిప్పుడు రెండూ వద్దు. మీ జీతం ఆ ప్లాంటు మీదే నడుస్తోంది. ఇల్లు కొంటే దాని ధరా ఆ ప్లాంటు మీదే ఆధారపడుతుంది. అది మూతపడితే జీతం ఆగడం, ఇల్లు కొనేవాళ్లు దొరక్కపోవడం ఒకేసారి జరుగుతాయి. ఉద్యోగం పోతే మీరు ఊరే మారాలి కాబట్టి, మామూలుగా చెప్పే 6 నెలల ఖర్చు చాలదు. 12 నెలలది ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. ఆ తర్వాత కూడా ఇల్లే కావాలంటే, నెల వాయిదా ఓవర్‌టైమ్ కలపని జీతంలో 30 శాతం దాటకూడదు. పెద్ద షట్‌డౌన్ ఏటా రాదు, వాయిదా నెలనెలా వస్తుంది.

సొంత పనిలో ఎక్కువమంది దెబ్బతినేది రోజు రేటు దగ్గర. ఇంటి ఖర్చు నెలకు 1 వంతు అనుకోండి, ఏడాదికి 12. పరికరాలు, ప్రయాణాలు, బీమాకు 5, పన్నుకు 3 వేస్తే 20 వంతులు. చాలామంది దీన్ని 240 పనిదినాలతో భాగిస్తారు. కొటేషన్లు, ప్రయాణం, సర్టిఫికెట్లు రాయడం పోతే బిల్లు వేయగలిగేది 120 రోజులే అనుకోండి. అప్పుడు రోజు రేటు నెల ఖర్చులో పన్నెండో వంతు కాదు, ఆరో వంతు ఉండాలి. బిల్లు డబ్బు 60 నుంచి 90 రోజులకు గానీ చేతికి రాకపోవచ్చు. అందుకని ఆ 12 నెలల నిధిని ముట్టకుండా, ఇంకో 3 నెలల ఖర్చు విడిగా పెట్టుకోండి.

పరికరాలన్నీ ఒక్కసారే కొనకండి. 4–20 మిల్లీఆంప్ (ప్లాంటు పరికరాలు కొలతను పంపే కరెంటు సిగ్నల్) ఇవ్వగల, కొలవగల, ఆర్‌టీడీ, థర్మోకపుల్ అనే ఉష్ణోగ్రత సెన్సర్లను సిమ్యులేట్ చేయగల ప్రాసెస్ కాలిబ్రేటర్ ఒకటి, పరికరాల సెట్టింగులు చదివి మార్చే హార్ట్ (HART) కమ్యూనికేటర్ ఒకటి చాలు. ఉష్ణోగ్రత సెన్సర్లను వేడిచేసి పరీక్షించే డ్రై బ్లాక్ అద్దెకు తెచ్చుకోండి. కాలిబ్రేటర్‌కు తగిలించి పీడనం కొలిచే ప్రెషర్ మాడ్యూళ్లు చేతిలో ఉన్న ఆర్డర్ల రేంజికే కొనండి. 200 మిల్లీబార్ మాడ్యూల్ మీద 20 బార్ హ్యాండ్ పంపు ఒక్కసారి నొక్కితే దాని ఖరీదు పోయినట్టే. మీ కాలిబ్రేటర్ కచ్చితత్వం, పరీక్షించే పరికరానికి కనీసం 4 రెట్లు మెరుగ్గా ఉండాలి. దాన్నీ ఏటా ల్యాబుకు పంపాలి, అది తిరిగొచ్చేదాకా పని ఆగుతుంది. ఆ రోజుల్నీ 120లో కలపకండి. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోల్ కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ లైసెన్సులు దాన్ని తయారుచేసే కంపెనీకొకటి కావాలి, కస్టమర్ ఖాయమయ్యాకే కొనండి.

మీ ప్లాంటే కాంట్రాక్టు ఇస్తుందన్న ధీమాతో మాత్రం రాజీనామా చేయకండి. అది పాత ఉద్యోగమే, సెలవులూ బీమా తీసేసి. నీటి శుద్ధి కేంద్రం, శీతల గిడ్డంగి, బాయిలర్ నడిపే చిన్న యూనిట్లు, ఇలా చుట్టుపక్కల కనీసం ముగ్గురు కస్టమర్లు కుదరాలి. ఎవరి వాటా సగం దాటకూడదు. సెలవు రోజుల్లో పని మొదలుపెట్టేముందు, బయటి పని గురించి మీ నియామక పత్రంలో ఏముందో చదవండి. వృత్తిపరమైన బాధ్యతా బీమా మొదటి పనికి ముందే తీసుకోండి. ట్రాన్స్‌మిటర్ (కొలతను కంట్రోల్ రూముకు పంపే పరికరం) పరీక్ష కోసం ఇంటర్‌లాక్ (ప్రమాదమైతే యంత్రాన్ని ఆపే రక్షణ ఏర్పాటు) బైపాస్ చేసి, మళ్లీ నార్మల్ చేయడం మరిచిపోతే, జరిగే నష్టం మీ ఏడాది సంపాదనతో తీరేది కాదు.