ఒంటరి గుర్రానికి తోడు

ప్రశ్న: శంకర్‌పల్లి దగ్గర మా తోటలో ఉన్న మార్వారీ ఆడగుర్రం తోడు లేక రోజంతా కంచె వెంట తిరుగుతూ సకిలిస్తోంది. చుట్టుపక్కల గుర్రాలున్నవారితో పరిచయం పెంచుకొని, కలిసి స్వారీ చేయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: గుర్రం మందలో బతికే జంతువు కనుక మీ ఆలోచన మీకంటే ముందు దానికి మేలు చేస్తుంది. ఏ తోటలో ఏ గుర్రం ఉందో నాడాలు కొట్టే పనివారికి, పశువైద్యులకు బాగా తెలుస్తుంది. మొయినాబాద్ వైపున్న స్వారీ శిక్షణ కేంద్రాల్లోనూ విచారించండి. మొదటిసారి మాత్రం గుర్రం లేకుండా మీరొక్కరే వెళ్ళి పలకరించడం మర్యాద.

గుర్రాలను కలిపే ముందు గ్లాండర్స్ రక్తపరీక్ష గురించి ఇరువైపులా తప్పక మాట్లాడుకోవాలి. ఇది మనుషులకూ సోకే ప్రాణాంతక వ్యాధి, పైగా టీకా లేదు కాబట్టి ఇక్కడ మొహమాటం పనికిరాదు. హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్ష చేస్తుంది. నమూనా పంపడం గురించి మీ పశువైద్యుణ్ణి అడగండి.

తర్వాత కొన్ని రోజులు కంచెకు అటూ ఇటూ ఉంచి అలవాటు చేయండి. తొలి స్వారీ నడకతోనే సాగాలి. రెండు గుర్రాల మధ్య కనీసం ఒక గుర్రం పొడవు, అంటే దాదాపు 8 అడుగుల ఎడం ఉంచండి. వేగం విషయంలో అనుభవం తక్కువవారి మాటే చెల్లాలి.